రత్నగంధి గింజలు నాటుదాం

బదిలీ ఆర్డరు వస్తే పూలకుండీలు వెంట రావు. గుప్పెడు గింజలు మాత్రం జేబులో పడతాయి. హథ్‌ఖోజ్ లాంటి ఫ్యాక్టరీల ప్రాంతంలో భిలాయి ఎండలకు తట్టుకునే పూలపొద రత్నగంధి.

దాని గింజకు పెంకు గట్టిది, నీరు లోపలికి పోదు. అందుకని ఒక పక్క శాండ్‌పేపర్‌తో కొంచెం రుద్ది, రాత్రంతా నానబెట్టాలి. ఉబ్బిన గింజల్ని జూన్ తొలకరిలో అరంగుళం లోతున నాటండి. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్ది నానేయండి. నీరు నిలవకూడదు, ఎండ బాగా తగలాలి.

ఒక్క హెచ్చరిక: ఏ గింజా పిల్లల నోట పడనివ్వొద్దు. పచ్చగన్నేరు గింజ అయితే ప్రాణాలే తీస్తుంది. పిల్లలున్న క్వార్టర్లలో దాన్ని పెంచొద్దు.

మనం కదిలి వెళ్ళినా, తర్వాత వచ్చే కుటుంబానికి గుమ్మం ముందు పూలుంటాయి.