వాదము, వితండము

మన న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగా విభజించినది. సత్యము తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. తన పక్షము నిలుపక పరపక్షమును ఖండించుట మాత్రమే వితండము. గ్రంథచౌర్యమును గూర్చి నేడు అంతర్జాలమున జరుగు చర్చలలో కడపటిదే మెండు.

జీవించియున్న రచయిత పుస్తకమును ఆసాంతము అందు పెట్టి విద్యాదానమనుట తగదంటిని. ముఖము చూపని వారెందరో నన్ను తిట్టిపోసిరి. ఆ కోపముననే, తార్నాకలో కలిసిన ఉస్మానియా విద్యార్థి నొకనిని గూడ వారి జాబితాలో చేర్చితిని. అతడడిగినది ఇంతే: "సార్, ఆ పుస్తకం వెల నా నెల భోజనం ఖర్చు. ఒక అధ్యాయం జిరాక్సు తీసుకుంటే దొంగనా?"

కాదు. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను స్వంత అధ్యయనమునకు న్యాయమైన వినియోగమును అనుమతించుచున్నది. బోధనకు అవసరమైనంత మేర నకళ్లు తీయుట తప్పు కాదని ఢిల్లీ విశ్వవిద్యాలయపు నకళ్ల దుకాణము కేసులో అచ్చటి హైకోర్టు 2016లో తీర్పు చెప్పినది.

రచయిత మరణించిన 60 ఏండ్లకు గ్రంథము సర్వజనుల సొత్తగును. 1953లో కీర్తిశేషులైన సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 2014 నుండి ఎవరైనను ముద్రింపవచ్చును. 1983లో అస్తమించిన శ్రీశ్రీ కవితలకు 2043 తుది వరకు ఆగవలెను. అంతవరకు ఆ ఫలము రచయిత వారసులది. దానము చేయువాడు తన సొత్తునే చేయవలెను గదా!

మరునాడు ప్రాంగణమునకు పోయి ఆ విద్యార్థిని క్షమింపుమని కోరితిని. తిట్టినవారికి మాత్రము బదులీయలేదు. వితండమునకు మౌనము చాలును. ఆకలిగొన్నవాని ప్రశ్నకు మౌనము చాలదు.