నడుం బిగించే ముందు

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



"నడుం బిగించండి" అని మనం ఎన్నో సభల్లో పిలుపునిచ్చాం. ఆ నడుం ఎలా ఉందని మాత్రం ఎదుట కూర్చున్న ఆడవాళ్ళను అడగలేదు. ఈరోజు ఆ సంగతే మాట్లాడతాను.

నేను కోనసీమలో ఊడ్పు కూలీ కూతుర్ని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి అన్నపూర్ణ అని పేరొచ్చింది. సార్వాకీ దాళ్వాకీ కూడా ఊడ్పుల్లో వంగింది ఆడవాళ్ళ నడుమే. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఒకామె నడుం ఎత్తితే వరసంతా వెనకబడుతుంది. అందుకే ఎవరూ ఎత్తరు. సాయంత్రం గట్టెక్కాక మా అమ్మ రెండు చేతులూ నడుం మీద వేసుకుని నిలబడేది. కాసేపటికి గాని నిటారు కాలేకపోయేది.

ముప్పై నాలుగో ఏట నాకూ నడుం నొప్పి వచ్చింది. ఒక ఆసుపత్రిలో ఏ పరీక్షా చేయకుండానే, "పిల్లలు పుట్టారుగా, గర్భసంచి తీయించెయ్యి" అన్నారు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అందరికీ నడుం నొప్పికే తీశారని నేననను. గర్భసంచి జబ్బు వల్ల కూడా నడుం నొప్పి రావచ్చు. అది పరీక్షలో తేలాలి. తేలకుండా కత్తికి ఒప్పుకోకూడదు.

నేను ఒప్పుకోలేదు. ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను. వెన్నెముక ఒంటరిగా నిలబడదనీ, ముందు పొట్ట కండరాలు, వెనక వీపు కండరాలు, పైన ఊపిరి తీసే పొర, కింద కటి కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయనీ ఆవిడ చెప్పింది. కాన్పులతో పొట్ట కండరాలు సాగిపోతాయి. అవి కోలుకోకముందే మనం బిందె ఎత్తుతాం, చేలో దిగుతాం.

ఆవిడ నేర్పినవి రెండు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించడం. చంటిపిల్ల పాకేటట్టు చేతులూ మోకాళ్ళ మీద ఉండి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాచడం, తర్వాత రెండోవైపు. ఊపిరి బిగబట్టకూడదు. నొప్పి పెరిగితే ఆపాలి. కాళ్ళు చచ్చుబడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవేమీ మంత్రాలు కావు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి వ్యాయామాన్ని సిఫార్సు చేసింది. నడుం బెల్టులు వద్దంది. ఏ వ్యాయామమైనా మానకుండా చేస్తేనే ఫలితం.

అయితే ఒక ప్రమాదముంది. "మీరు వ్యాయామం చేయకే నొప్పి" అని నేరం మళ్ళీ మన నెత్తినే వేస్తారు. పది గంటలు వంగిన మనిషికి పది నిమిషాల కసరత్తు ఒక్కటే సరిపోదు. అమెరికాలో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీలను పొట్టి పిడి పారతో రోజంతా వంచేవారు. కూలీలు కోర్టుకెక్కారు. 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది, ఆ పార పోయింది. పిడి పొడవైంది. పంటలేమీ ఆగిపోలేదు.

మనమూ అడుగుదాం. ఊడ్పుల్లో గంటకోసారి నడుం ఎత్తే వ్యవధి కావాలి. నారు కట్టలు చిన్నవి కట్టాలి. కడియం నర్సరీల్లో మట్టి సంచులు నింపడానికి నడుమెత్తు బల్లలు వేయాలి. బాలింతకు కూలి పోని విశ్రాంతి ఇవ్వాలి.

వచ్చే ఊడ్పుల లోపు మీ ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టండి. ఆ రెండు వ్యాయామాలూ చేయించండి. తర్వాత, "నొప్పి ఎప్పటినుంచి? ఏ పనిలో?" అని అడిగి రాసుకురండి. మన డిమాండ్ల పత్రం అక్కడినుంచే మొదలవుతుంది.