వేలిముద్రకు తాళం

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై దాటాక నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. గురువు నా మనుమరాలు. విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు మన గూడెం కొత్తవీధి వచ్చి, నెట్‌వర్కు భద్రత పాఠాలు నా ముందు కూర్చుని చదివేది. ఫలానా మనిషి తానేనని రుజువు చేసుకోవడానికి మూడు దారులట. తనకు తెలిసిన పాస్‌వర్డు, తన దగ్గరున్న కార్డో ఫోనో, తన ఒంటిమీది వేలిముద్ర.

"మూడోదే గట్టిది కదమ్మా" అన్నాను.

"పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు తాతయ్యా, వేలు మార్చుకుంటావా?" అంది.

నాకు నోట మాట రాలేదు. సర్వీసులో ఎన్ని వేలిముద్రలు వేయించానో లెక్కలేదు. స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్దించి, పక్కన పేరు రాసి, సాక్షి సంతకం తీసుకునేవాణ్ణి. ఆ కాగితాలు బీరువాలో భద్రంగా ఉండేవి. ఎలుకలదే భయం.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. సిమ్ కార్డులమ్మే దుకాణదారు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దింపుకున్నాడు. వాటి మీద ఆధార్ నంబరూ ఉంది, వేలిముద్రా ఉంది. రబ్బరు స్టాంపు చేసినట్టే ఆ ముద్రలకు నకళ్ళు తీసి, ఎవరెవరి పేర్లమీదో వేలకొద్దీ సిమ్‌లు పనిచేయించాడు. ఇదంతా అమ్మకాల టార్గెట్టు కోసమట! వాళ్ళ పుస్తకంలో దీని పేరు స్పూఫింగ్. మనం ఫోర్జరీ అనేవాళ్ళం. ఆధార్ ద్వారా డబ్బు తీసేచోట పిన్ను అడగరు గనుక, ఇలాంటి నకళ్ళతో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన కేసులూ తరువాత వచ్చాయి.

దీనికి కాపుదల ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో మన వేలిముద్రకు తాళం వేయవచ్చు. అవసరమైనప్పుడు కాసేపు తీసి, మళ్ళీ వేయవచ్చు. జిరాక్సు ఇవ్వవలసినచోట చివరి 4 అంకెలే కనిపించే ఆధార్ ఇస్తే చాలావరకు సరిపోతుంది.

అయితే ఈ తాళానికి ఆధార్‌తో కలిపిన ఫోనుండాలి, సిగ్నలుండాలి. మన కొండమీద చాలా ఊళ్ళలో రెండూ కరువే. తాళం వేసి మరచిపోతే రేషను దగ్గరా, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ దగ్గరా వేలు పడదు. అసలే పారపట్టి, కాఫీ పళ్ళు కోసి అరిగిన వేళ్ళు. "పడలేదు, మళ్ళీ పెట్టు" అని ఎవరైనా అంటే, మొదటిసారికి డబ్బు పోలేదని రసీదు చూపమనండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

మనుమరాలు వెనుక బెంచీలో కూర్చుంది. ఫోను తెచ్చినవారికి తాళం వేయడం చూపిస్తుంది. ఓటీపీ మాత్రం మీరే నొక్కండి, దానికి కూడా చెప్పకండి.