ఇంట్లో కాగితం పని – మన చేతి కూలి లెక్క
(వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



ఇంట్లో కూర్చుని చేసుకునే కాగితం పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంచులు, చదివింపుల కవర్లు, కాగితం పూలు, తోరణాలు, గుజ్జు బుట్టలు ఇవన్నీ అందులోకే వస్తాయి. మనలో చాలామందికి ఇది తెలిసిన పనే. చంటిపిల్లలున్నవాళ్లు, ముసలి అత్తమామల్ని చూసుకునేవాళ్లు, కంపెనీ డ్యూటీకి పోలేనివాళ్లు దీన్ని పట్టుకున్నారు. అందుకే ఎట్లా చేయాలో కొంచెం, ఎంతకు అమ్మాలో ఎక్కువ చెప్తా.

ముందుగా ఒక మాట. ఇది మనకు కొత్త విద్యేం కాదు. మన అమ్మమ్మలు పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి మెత్తగా రుబ్బి, పాతబడిన చాటలకు, బుట్టలకు పూసేవాళ్లు. కాగితం సందులు మూస్తుంది, మెంతులు పట్టు ఇస్తాయి, పురుగును దగ్గరికి రానియ్యవు. మన శామీర్‌పేట దాటి సిద్దిపేట దిక్కు పోతే చేర్యాల వస్తుంది. అక్కడి నకాషీ కళాకారులు కొబ్బరి చిప్ప మీద చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అద్ది మాస్కులు చేస్తారు. ఆ చింతగింజల జిగురు మన వంటింట్లో కూడా తయారవుతుంది. గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడకబెడితే చాలు.

ఇప్పుడు గిరాకీ ఎందుకు పెరిగిందో చూడండి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతా నిషేధించారు. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా బంద్. అయితే కూరగాయల బండి అన్న మన కాగితం సంచి కొంటాడనుకోకండి. ఆయనకు అంత మిగలదు, తడి కూరకు కాగితం ఆగదు. మన గిరాకీ బట్టల షాపులు, బొటిక్‌లు, గాజుల దుకాణాలు, మందుల షాపులు, ఫంక్షన్లు చేసుకునే ఇండ్లు. బాచుపల్లి, మల్లంపేట, కొంపల్లి దిక్కు అపార్ట్‌మెంట్లలో పుట్టినరోజు, హల్దీ, సీమంతం లేని వారం ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాత న్యూస్‌పేపర్‌తో చేసిన పొట్లాలను మిర్చి బజ్జీల బండికి, స్వీటు షాపుకు ఇవ్వొద్దు. ఆ అచ్చు సిరాలో సీసం లాంటివి, ఇంకా రకరకాల రసాయనాలు ఉంటాయి. వేడి నూనె తగిలితే అవి తిండిలోకి దిగుతాయి. తినే వస్తువులను న్యూస్‌పేపర్‌లో చుట్టకూడదని ఆహార భద్రత సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నియమాల్లో స్పష్టంగా పెట్టింది. ఆ బజ్జీలు తినేది మన పిల్లలే కదా. న్యూస్‌పేపర్ సంచి గాజులకు, బట్టలకు, పుస్తకాలకు వాడుకోవచ్చు. గుజ్జు బుట్ట చేసినా అంతే, తాళంచెవులకు, దారం ఉండలకు పెట్టుకోండి. గింజలు పోయొద్దు.

పనిలో మెళకువలు రెండు మూడు చెప్తా. బట్టకు ఉన్నట్టే కాగితానికీ పోగు ఉంటుంది. షీటును పొడవుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఏ దిక్కు తేలిగ్గా వంగుతుందో ఆ దిక్కు మడత నున్నగా వస్తుంది. రెండో దిక్కు మడత పగిలినట్టు కనబడుతుంది. జిగురుకు మైదా ఉడికిస్తే చౌక, కానీ బొద్దింకలు, వెండిపురుగులు వస్తాయి. అందుకని కొందరు మైలతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ పూట జిగురు ఆ పూట చేసుకోండి, లేదా నిల్వ ఉంచే సరుకుకు ఫెవికాల్ వాడండి. వానాకాలంలో సంచులను వెంటనే దొంతి పెట్టొద్దు, ఫ్యాను కింద ఆరనియ్యండి. లేకపోతే బూజు పడుతుంది.

ఇగ అసలు సంగతి, కూలి లెక్క. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవున్న గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం, 100 జీఎస్‌ఎంది తీసుకుందాం. ఒక షీటు సుమారు 39 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకు దాదాపు 25 షీట్లు. ఒక్కో షీటుకు ఒక సంచి వస్తుంది. ముఖం 10 అంగుళాలు, పక్క మడత 4, ఎత్తు 14. కిలో కాగితం 80 రూపాయలు అనుకుంటే సంచికి 3 రూపాయల 20 పైసలు. తాడు, జిగురు, అట్ట ముక్క, చెడిపోయే ఒకటి రెండు సంచులు అన్నీ కలిపి ఇంకో రూపాయి 80 పైసలు వేద్దాం. మొత్తం 5 రూపాయలు. చేయి తిరిగినవాళ్లు గంటకు 8 సంచులు చేస్తారనుకుందాం. ధరలు మారుతుంటాయి, మీ ధర మీరు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

షాపాయన 8 రూపాయలకు అడిగాడు. సంచికి 3 మిగిలింది, గంటకు 24. ఎనిమిది గంటలు చేస్తే 192. అదే 10 రూపాయలకు అమ్మితే సంచికి 5, గంటకు 40, ఎనిమిది గంటలకు 320. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2025-26లో రోజుకు 307 రూపాయలు ఉండింది. ఎండలో మట్టి మోసినదానికి సర్కారు కట్టిన ధర అది. ఇంట్లో కూర్చుని చేసినంత మాత్రాన మన చేతి పనికి దానికంటే తక్కువ ఎందుకు కట్టుకోవాలె? సంచికి రెండు రూపాయలు తగ్గించడం మాటల్లో చిన్నగా ఉంటుంది. పూట కూలిలో చూస్తే ఐదింట రెండు వంతులు పోతుంది.

'ఎట్లాగూ ఖాళీగానే ఉంటా కదా, వచ్చిందే లాభం' అని మనలో కొందరం అంటాం. ఖాళీ ఎక్కడుంది చెప్పండి? పొద్దున నీళ్లు పట్టి, టిఫిన్ కట్టి, పిల్లల్ని బడికి పంపి, మిగిలిన మూడు గంటలు అవి. ఇంకో ఇబ్బంది ఉంది. ఒక అక్క 8కి ఒప్పుకుంటే, పక్క గల్లీలో 10 అడిగే చెల్లెకు ఆర్డరు పోతుంది. మనకు మనమే పోటీ పడి రేటు తెంపుకుంటున్నాం. లాభం మాత్రం కొనేవాడి దగ్గరే ఉంటుంది.

కాగితం ఒక్కరు కొంటే ఒక ధర, పదిమంది కలిసి రీము లెక్కన కొంటే ఇంకో ధర. పెండ్లి కార్డుల ఛత్తా బజార్, హోల్‌సేల్ సామాను బేగంబజార్ మనకు దూరమేం కాదు. వంతులవారీగా ఇద్దరు పోయి అందరికీ తెస్తే బస్సు ఛార్జీలు కూడా కలిసివస్తాయి. పెట్టుబడికి బయట వడ్డీకి తేవొద్దు. మన సంఘంలో అంతర్గత అప్పు ఉన్నదే దీనికోసం.

ఉద్దెర విషయంలో గట్టిగా ఉండాలె. ఆర్డరుకు సగం అడ్వాన్సు, సరుకు ఇచ్చేటప్పుడు మిగతా సగం. పెద్ద ఆర్డరైతే సైజు, లెక్క, ధర, తేదీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. కాగితం పని చేసేవాళ్లకు కాగితం మీద రాయించుకునే అలవాటు లేకపోతే ఎట్లా?

సీజన్ కూడా చూసుకోండి. ఆషాఢంలో, మూఢాల్లో పెండ్లిళ్లు ఉండవు. ఆ రోజుల్లో 116, 516, 1116 రూపాయలు పెట్టే చదివింపుల కవర్లు, పసుపు కుంకుమ పొట్లాలు చేసి పెట్టుకుంటే శ్రావణంలో చేతిలో సరుకు ఉంటుంది. కవరు మీద రూపాయి బిళ్ల అతికిస్తే ఆ రూపాయి కూడా ఖర్చులో రాయండి. రాఖీలకు, వినాయక చవితి తోరణాలకు నెల ముందే నమూనాలు చూపించాలి. పండుగ నాడు చూపిస్తే ఎవరూ కొనరు.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి కదా. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. వాటినే ఈ పనికీ పెట్టుకుందాం. సమాఖ్య ముందు నేను మూడు ప్రతిపాదనలు పెడుతున్నా. ఒకటి, కాగితం పని చేసే సభ్యులందరం నెలకోసారి కూర్చుని సంచికి, కవరుకు కనీస ధర నిర్ణయించుకోవాలి, దానికి తక్కువకు ఎవరూ ఇవ్వకూడదు. రెండు, కాగితం కలిసి కొనాలి. మూడు, ప్రతి సభ్యురాలు ఒక నోటుబుక్కు పెట్టి సామాను ఖర్చుతో పాటు పట్టిన గంటలు కూడా రాయాలి.

ఆ గంటల వరుస చాలా ముఖ్యం. ఇంట్లోవాళ్లు 'కాగితాలు కత్తిరిస్తూ కూర్చుంటది' అన్నప్పుడు ఆ బుక్కు తెరిచి చూపించొచ్చు. ముందు మన పనికి లెక్క ఉందని మనకు తెలియాలి. తర్వాత ఇంట్లోవాళ్లకు, ఆ తర్వాత కొనేవాళ్లకు తెలుస్తుంది.

ఈ మూడు ప్రతిపాదనల మీద ఈ సభలోనే చర్చించి తీర్మానం రాయాలని కోరుతున్నా.