దసరా నుంచి కార్తీకం దాకా పెరటి పని

పొదుపు, అప్పుల లెక్కలు ముందే చెప్పేశారు కాబట్టి నేను పెరటి సంగతి మాట్లాడతాను.

మన డెల్టాలో కూరమడికి శత్రువు ఎండ కాదు, నిలబడ్డ నీరు. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వాయుగుండాల భయం. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో ఎవరు మర్చిపోతారు? అందుకని వంగ, టమాటా, మిరప విత్తనం ఒక్కసారే పోసెయ్యకండి. సగం దసరా ముందు, తక్కిన సగం పదిహేను ఇరవై రోజులాగి పొయ్యండి. మొదటి నారు కుళ్లినా రెండోది చేతిలో ఉంటుంది, విత్తనాలకి మళ్లీ సంఘంలో అప్పడగక్కర్లేదు. నారుమడి జానెడెత్తు లేపి, చుట్టూ కాలవ తియ్యాలి. విత్తనం వత్తుగా పడితే మొదలుకుళ్లు వస్తుంది, వరసల్లో పల్చగా పొయ్యండి.

ఇక చిక్కుడు. ఆషాఢంలో పెట్టిన నాటు చిక్కుడు పందిరంతా పాకి, దసరాకి ఒక్క పువ్వు లేదని కొందరు "గొడ్డు పాదు" అని పీకేస్తున్నారు. ఆ మాట మొక్కనైనా అనొద్దమ్మా! నాటు చిక్కుడికి పగలు పొట్టిదైతేనే పూత. కార్తీకంలో మొదలై సంక్రాంతికి విరగ్గాస్తుంది. ఈలోగా యూరియా వేస్తే ఆకే పెరుగుతుంది. పేనుబంక పడితే వేపనూనె, సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

కాపు బాగున్న పాదుకి నాలుగు కాయలు ఎండేదాకా వదిలెయ్యండి. ఆ గింజలు బూడిదలో కలిపి సీసాలో దాచి, ఆషాఢంలో సంఘం మీటింగుకి తెస్తే అందరం పంచుకుందాం.