తెడ్డుకాళ్ల ప్రాణి



పినపాకకు చేరువనే పాఱు గోదావరి తుదకు బంగాళాఖాతమును చేరును. తీపినీరు ఉప్పునీటితో కలియు ఆ తావున పెక్కు ప్రాణులు మనజాలవు. కోపిపోడులను రొయ్యజాతి సూక్ష్మప్రాణులు కొన్ని అచట మనుచున్నవి. ఈ పేరునకు గ్రీకుభాషలో ‘తెడ్డువంటి పాదములు గలది’ యని యర్థము. వీనిలో పెక్కింటి పొడవు నువ్వుగింజకు మించదు.

ఇవి తావెఱిగి మెలగును. వరదలకు నదీముఖమున ఉప్పు తగ్గినను, వేసవిలో హెచ్చినను అకార్షియా యను జాతి ఓర్చుకొనును. కాలము ప్రతికూలమైనచో కొన్ని జాతుల గ్రుడ్లు బురదలో నిద్రించి, అనుకూలించినపుడు పిల్లలగును. నడిసంద్రమున నుండునవి పెక్కు పగలు చేపల కంటబడక లోతునకు దిగి, రాత్రి పైకివచ్చి మేయును. శీతలసముద్రములందలి కాలనస్ ఆదాయము గలనాడు దేహమున నూనె నిలువచేసి, శీతకాలమున అగాధమందు దానినే వ్యయించుచు బ్రతుకును.

చిరుచేపలకు ఇవియే ఆహారము, పెద్దచేపలకు చిరుచేపలు. కాకినాడ, విశాఖపట్టణముల జాలరి బుట్ట నిండుటకు మూలమిదియే.

వీని బంధువగు సైక్లోప్సు తీపినీటికి అలవడి, దిగుడుబావులలో కాపురముండి, నారికురుపు పురుగును మోసెడిది. ఆ వ్యాధికి మందు లేదు. అయినను సైక్లోప్సు బట్టను దాటజాలదని తెలిసి ప్రజలు నీటిని వడగట్టి త్రాగ నేర్చిరి. బావులను బాగుచేసిరి. 1996 తరువాత భారతదేశమున ఆ వ్యాధి కానరాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ధ్రువీకరించెను.

మందు చేయలేని మేలును ఎఱుక చేసినది. ఆ ఎఱుకను ఇంటింటికి చేర్చుటయే గ్రంథాలయ ధర్మము.