ఇటలీ కారు క్లచ్ – మనకొక పాఠం

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రవాణా శాఖలో గుమస్తాగా కార్ల కాగితాలు చూశానే గాని, నేను మెకానిక్కును కాను. పదవీ విరమణ తర్వాత పాత ఇటలీ కార్ల గురించి చదవడం కాలక్షేపమయింది. వాటి క్లచ్ మరమ్మతు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇంజను తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం ఆగాలి, మళ్ళీ కదలాలి. ఈ రెండింటినీ కలపడం, విడదీయడం క్లచ్ పని. లోపలి అధికారికీ, వరండాలో నిలబడ్డ ప్రజలకూ నడుమ మన గుమస్తా కుర్చీ వంటిదన్నమాట. రాపిడంతా దానికే!

ట్రాక్టర్లు తయారుచేసే ఫెర్రూచియో లంబోర్గిని 1963లో సొంత కార్ల కంపెనీ పెట్టారు. తన ఫెరారీ కారు క్లచ్ మాటిమాటికీ ఇబ్బంది పెట్టడమే అందుకు కారణమని ఆయన చెప్పేవారు. చిన్న భాగమైనా ఎంత పని చేసిందో చూడండి.

ఇక ఫెరారీ టెస్టరోస్సా సంగతి. ఇది 1984లో పారిస్ ప్రదర్శనలో వెలువడింది. పన్నెండు సిలిండర్లు, 4.9 లీటర్ల ఇంజను డ్రైవరు వీపు వెనుక ఉంటుంది. దాని అడుగున గేర్ బాక్సు. టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజను మొత్తం దించవలసిందే. క్లచ్ మాత్రం వెనుక చివర ఉండడం వల్ల ఇంజను దించకుండానే విప్పవచ్చు. అరిగే వస్తువును చేతికందేచోట పెట్టారు.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒకవైపే విప్పేస్తే ప్లేటు వంకరపోతుంది. ఫ్లైవీలు మీద వేడికి నీలి మచ్చలు, నెరియలు ఉన్నాయేమో చూడాలి. ఆయిలు సీలు కారుతుంటే అదీ మార్చాలి. లేకుంటే కొత్త లైనింగు కూడా జారుతుంది. రిలీజ్ బేరింగు పాతదే ఉంచి మిగతావి కొత్తవి వేయడం తెలివైన పొదుపు కాదు. ప్లేటు హబ్బు గట్టిగా ఉంటే లైనింగు మాత్రం కొత్తది రివెట్లతో బిగించి మళ్ళీ వాడవచ్చు.

మరొక్క మాట. పాత క్లచ్ లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. గాలి కొట్టి ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. మన ఇళ్ళలోని పాత కార్లకూ, స్కూటర్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పిల్లలకు చెప్పండి.

క్లచ్ జారుతున్నా "నడుస్తోంది కదా" అని నెట్టుకొస్తే ఫ్లైవీలు కూడా పాడవుతుంది. పదితో పోయేది వందకు వస్తుంది. మనలో ఎందరో కంటి శుక్లాన్ని, మోకాలి నొప్పిని ఇలాగే వచ్చే ఏడాదికి వాయిదా వేస్తున్నాం. కుటుంబ సభ్యులు కూడా "వయసు కదా" అని ఊరుకోవద్దని నా మనవి. ప్లేటు అరిగిందని ఎవరూ కారును పారేయరు, వేళకు విప్పి చూస్తారు.